గోధుమరంగు డయల్

పొద్దున తొమ్మిదింటికి మాస్టారు సొరుగు లాగి, బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, ఒక్కొక్క వాచీకీ కీ ఇవ్వడం మొదలుపెట్టారు. అన్నీ పాత క్రోనోగ్రాఫులు. టైము చూపిస్తూనే, పక్కన బొత్తాం నొక్కితే స్టాప్‌వాచీలా సెకండ్లు కూడా లెక్కపెట్టే చేతి గడియారాలు. ముప్పై ఏళ్ళు బళ్ళో డ్రిల్లు మాస్టారుగా పిల్లల పరుగుపందేలకి టైము చూసిన మనిషికి, ఆ బొత్తాం టిక్కుమంటే కడుపు నిండిపోతుంది. ఇరవై ఏళ్ళుగా వేలాల్లో ఒక్కొక్కటే ఏరి తెచ్చుకున్నారు.

"ఏమండీ, మీ పిల్లలకి పాలు పట్టడం అయిందా? టీ చల్లారిపోతోంది," అంది భార్య వంటింట్లోంచి.

"ఇంకా నలుగురున్నారే."

"నన్ను ఏనాడైనా అంత సుకుమారంగా చూశారా?"

"నీకు కీ ఇవ్వక్కర్లేదుగా. ఎప్పుడూ ఆగిన పాపాన పోలేదు."

గుమ్మంలో నిలబడ్డ కోడలు నవ్వు ఆపుకుంది. ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే పిల్ల. ఆ ఇంటికొచ్చి ఏడాదిన్నర. మామగారి సొరుగు దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదని పెళ్ళయిన వారంలోనే తెలిసింది. ఆ వాచీల సంగతులు ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పరు. చెబితే వేళాకోళం చేస్తారని.

సొరుగులో ఒక గూడు ఖాళీగా ఉంది. అందులోని వాచీని మూడు రోజుల కిందట మాస్టారు డబ్బాతో సహా వేలం ఆఫీసులో అప్పగించి వచ్చారు. అరవై ఏళ్ళ ఎండకి తెల్లటి డయల్ గోధుమరంగుకి తిరిగిన వాచీ అది. కాలం వేసిన ఆ రంగు కోసమే కొనేవాళ్ళు ఎగబడతారు. అది అమ్ముడుపోతే, ఆదివారం అదే వేలానికి వస్తున్న సెకండ్ల ముళ్ళు రెండున్న వాచీ కొనాలని ఆయన ఆశ. ఇద్దరు ఒకేసారి పరిగెత్తుకొస్తే ఇద్దరి టైమూ విడివిడిగా చూపిస్తుందది. ఒకప్పుడు ఇద్దరాడపిల్లలు పక్కపక్కనే గీత దాటారు. చేతిలో ఉన్నది ఒక్క ముల్లు వాచీ. ఒకమ్మాయికి మొదటి బహుమతి ఇచ్చేశారు. రెండో అమ్మాయి ముఖం ఆయన ఇంకా మరిచిపోలేదు.

ఫోను మోగింది. వేలం ఆఫీసావిడ.

"మాస్టారూ, ఏమనుకోకండి. మీ వాచీ ఈ ఆదివారం పెట్టలేం. డయల్ మీద కొత్తగా రంగు వేయించారు కదా, తెల్లగా మెరిసిపోతోంది."

"తెల్లగానా? మీకు ఇచ్చిన రోజు పొద్దున కూడా భూతద్దం పెట్టుకుని చూశానమ్మా. చక్కటి గోధుమరంగు!"

"మీరే వచ్చి చూసుకోండి సార్."

ఆయన ఫోను బల్ల మీద పడేసి చొక్కా కోసం లేచారు. "మార్చేశారు! నా డయల్ కాజేసి వేరేది పెట్టారు. పోలీసుల దగ్గరికే పోతాను."

"వాళ్ళు కాదు మామయ్యా," అంది కోడలు. "నేనే."

ఆయన చెయ్యి చొక్కాలోనే ఆగిపోయింది.

"పోయిన నెల మీరు మీ అమ్మాయి దగ్గరికి వెళ్ళిన నాలుగు రోజుల్లో చేయించాను. ఆ వాచీ చేతికున్న రోజు కూడా టైమెంతని అత్తయ్యని అడుగుతున్నారు. అంకెలు మాసిపోయి కనబడటం లేదేమో అనుకున్నా. మీ పుట్టినరోజుకని డయళ్ళు రాసే పెయింటర్‌తో తెల్లరంగు వేయించి, అంకెలు కొత్తగా రాయించాను."

"ఆ మాసిన రంగే దాని ప్రాణం! తెలుసా నీకు? అసలు ముట్టుకోమని ఎవరు చెప్పారు? నిన్నగాక మొన్న వచ్చి..."

"నోరు జారకండి," అంది భార్య, తడిచేతుల్తోనే మధ్యకొచ్చి.

"తిట్టనివ్వండి అత్తయ్యా, తప్పు నాదే." కోడలు కళ్ళు తుడుచుకుంది. "కానీ మామయ్యా, దాన్ని తెచ్చి సొరుగులో పెట్టాక ఇరవై రోజులు మీ దగ్గరే ఉంది. మీరెప్పుడు చూసి పిలుస్తారా అని రోజూ ఈ గుమ్మంలోనే నిలబడ్డాను. మీరు భూతద్దంతో చూసేవారు, తుడిచి లోపల పెట్టేసేవారు. అది పాలలా తెల్లగా ఉంది. మీకు గోధుమరంగులా ఎలా కనబడింది?"

భార్య బల్ల మీది గుడ్డ తీసి ఆయన ముఖం ముందు పట్టుకుంది.

"ఇదేం రంగండీ?"

"లేత గోధుమ."

"తెలుపండీ. నిన్ననే ఉతికాను."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. "లైట్లు పాతబడ్డాయనుకున్నానే. అబ్బాయిని బల్బులు మార్చమని రెండుసార్లు అడిగాను కూడా," అన్నారు. బడిలో ఈ చివర నుంచి ఆ చివరకి వినబడే గొంతు, పక్కవాళ్ళకే వినబడనంతగా తగ్గిపోయింది.

"ఇవాళ పదకొండింటికి కళ్ళ డాక్టరు దగ్గర పేరు రాయించాను మామయ్యా," అంది కోడలు. "మొన్ననే. చెప్పడానికే ధైర్యం చాలలేదు."

డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసింది. "రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి గోధుమరంగుకి తిరిగాయి. మీరు చూస్తున్న రంగు వాచీది కాదు, మీ కంటిది. ఆపరేషన్‌తో అది పోతుంది. కానీ లోపల ఒత్తిడి కూడా బాగా పెరిగింది. దానికి నొప్పుండదు, చెప్పాపెట్టకుండా చూపు తినేస్తుంది. ఇంకో ఏడాది ఆగి ఉంటే, పోయిన చూపు తెచ్చివ్వడం మా తరమయ్యేది కాదు. మంచి సమయానికి వచ్చారు. ఎవరు కనిపెట్టారు?"

"మా కోడలు," అన్నారు మాస్టారు. బయట బెంచీ మీద ఆ పిల్ల ఇంకా తలవంచుకునే కూర్చుంది.

ఆ ఆదివారం రెండు ముళ్ళ వాచీ ఎవరింటికో వెళ్ళిపోయింది. ఎవరిదో మాస్టారు ఆరా తీయలేదు.

రెండో కంటి ఆపరేషన్ కూడా అయి నెల తిరిగాక, వేలం ఆఫీసు నుంచి వెనక్కొచ్చిన డబ్బా తెరిచారు. భూతద్దం పెట్టుకుని డయల్ మీదికి వంగారు. ఎంతకీ తలెత్తలేదు. కోడలు గుమ్మంలోనే నిలబడి చూస్తోంది.

"అమ్మాయీ, ఇలా రా. ఈ చిన్న గుండ్రం చూడు. అయిదు, పది, పదిహేను. తర్వాత ఎంత ఉండాలి?"

"ఇరవై, మామయ్యా."

"మీ పెయింటర్ ఎంత రాశాడు?"

ఆమె భూతద్దం తీసుకుని చూసింది. "పాతిక... ఆ తర్వాత మళ్ళీ పాతిక!"

"ఊరందరి తప్పులూ దిద్దే దానివి, ఇది నీ కంట పడలేదా?"

"అయ్యో, రంగు బాగుందో లేదో అనే చూశాను. ఇవాళే తీసుకెళ్ళి సరిచేయిస్తాను..."

ఆమె తలెత్తి చూస్తే ఆయన నవ్వుతున్నారు. కొత్త కళ్ళ నిండా నీళ్ళు. ఆ ఇంట్లో ఎవరికీ ఏనాడూ మెచ్చుకోలు మాట చెప్పి ఎరగని మనిషి, ఆమె తల మీద చెయ్యి వేశారు.

"నీ పుణ్యమా అని ఇంత చిన్న తప్పు నా అంతట నాకే కనబడిందమ్మా. దీన్ని ఎవరైనా దిద్దారో, ఊరుకోను!"