ఆకాశానికి మొలిచిన మీసం

శనివారం పొద్దున్నే మెట్లెక్కి వచ్చిన ఆడమనిషి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. చీర కొంగు పిడికిట్లో నలిపేస్తూ గుమ్మంలోనే నిలబడింది.

"నా పేరు కృష్ణకుమారి, అమ్మా. ఎమ్మిగనూరు నుంచి వచ్చినా. మా ఆయన్ను నిన్న సాయంత్రం పోలీసోళ్ళు పట్టుకపోయినారు. ఈ సాయంత్రం జడ్జి ముందర పెడతారంట. నువ్వే కాపాడాల."

ఆదోనిలో బట్టల అంగడి పైన ఉన్న ఆ ఇరుకు గది గౌరమ్మ డిటెక్టివ్ ఆఫీసు. హెడ్ కానిస్టేబులుగా రిటైరైన మనిషి ఈ బోర్డు తగిలించినప్పుడు బజారంతా నవ్వింది. నవ్వనివాడు హుసేనప్ప ఒక్కడే. ఆమెకు అసిస్టెంటూ, మోటారు సైకిలు డ్రైవరూ అతనే. గౌరమ్మ తుమ్మినా అందులో ఏదో ఆలోచన ఉంటుందని అతని నమ్మకం.

"కూర్చో తల్లీ," అంది గౌరమ్మ. "మొదట్నుంచీ చెప్పు."

కృష్ణకుమారి చెప్పింది. భర్త గోవిందు మగ్గం నేస్తాడు. ఎమ్మిగనూరు చేనేత సంఘం గోడౌనులో చేనేత ముద్ర వేసిన మరమగ్గం చీరలు కళ్ళారా చూశాడు. ఎల్లుండి సోమవారం తనిఖీకి వచ్చే అధికారులకు చెబుతానని, పోయిన సోమవారం పొద్దున సంఘం మీటింగులో గొడవపడ్డాడు. కోపం పట్టలేక "ఈ గోడౌన్ను తగలబెట్టినా పాపం లేదు" అని కూడా అరిచాడు. గురువారం పొద్దుగూకే వేళకు గోడౌను నిజంగానే తగలబడింది. కాపలాదారు రంగప్ప ఒళ్ళు కాలి, స్పృహ లేకుండా కర్నూలు ఆసుపత్రిలో ఉన్నాడు. అతను పోతే ఇది హత్య కేసే.

"అరిచినంత మాత్రాన పట్టుకపోరు గదా. ఏం దొరికింది?"

"కెమెరా లెన్సు మూతమ్మా. గోడౌను కిటికీ కింద. అది మా ఆయనదే. ఎక్కడన్నా పారేసుకుంటాడని మగ్గం మీద మిగిలిన ఎర్ర నూలు పేని నేనే కట్టినా. ఆ నూలు గుర్తే మా కొంప ముంచింది."

నేతగాడికి కెమెరా ఏమిటని హుసేనప్ప నోరు తెరిచాడు. గౌరమ్మ చూపు చూసి మూసేశాడు. కృష్ణకుమారే చెప్పింది. లెన్సులు మార్చుకునే చిన్న కెమెరాలున్నవాళ్ళు ఆదోనిలో, ఎమ్మిగనూరులో కొందరున్నారు. 'ఫోటోల సంత' అని వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, తీసినవి అందులో పెట్టి మంచీచెడ్డా మాట్లాడుకుంటారు. ఎవరి దగ్గర లేని లెన్సు వాళ్ళు ఇంకొకరిని అడిగి తీసుకుంటారు. గ్రూపును నడిపేది సంఘం సెక్రటరీ మహేశ్వర్.

"మీ ఆయన లెన్సు ఈ మధ్య ఎవరన్నా అడిగినారా?"

"మహేశ్వరన్నే అడిగినాడు. పోయిన ఆదివారం అందరూ ఆదోని జిన్నింగు మిల్లులో ఫోటోలకు పోయినప్పుడు మా ఆయన ఇచ్చినాడు. సోమవారం సాయంత్రం ఆయప్పే ఇంటికొచ్చి, కవర్లో చుట్టి మా అత్త చేతికిచ్చి పోయినాడు. మా ఆయన మగ్గం పనిలో పడి దాన్ని విప్పనే లేదు."

గౌరమ్మ లేచి చెప్పులు వేసుకుంది. హుసేనప్పకు ప్రాణం లేచొచ్చింది. ఆమె చెప్పులు వేసుకుందంటే కేసు పట్టినట్టే.

*

ఎమ్మిగనూరులో ఎస్సై మద్దయ్య మర్యాదగానే మాట్లాడాడు గాని పట్టు సడలించలేదు.

"మహేశ్వర్ను గూడా అడిగినామమ్మా. లెన్సు మూతతోనే తిరిగిచ్చినానన్నాడు. గురువారం ఆయన ఊర్లోనే లేడు. సి.బెళగల్ దగ్గర తుంగభద్ర ఒడ్డున ఉన్నాడు. మంట లేచిన టయానికే సూర్యాస్తమయం ఫోటో గ్రూపులో పెట్టినాడు. అందరూ చూసినారు."

"సాయంత్రం దాకా ఆగుతావా సార్?"

"జడ్జి దగ్గరికి బయల్దేరేదాకా. అంతకు మించి నా చేతుల్లో లేదు."

గ్రూపు సభ్యుడు కుమారస్వామికి బస్టాండు దగ్గర స్టూడియో ఉంది. మెడలో కెమెరా, నోటి నిండా మాటలు. అందరి మెమరీ కార్డులూ ప్రింట్ల కోసం తన దగ్గరికే వస్తాయనీ, పోగొట్టుకుని ఏడుస్తారని అన్నీ కంప్యూటర్లో దాచిపెడతాననీ గర్వంగా చెప్పాడు. గౌరమ్మ అతని ఫోను తీసుకుని గ్రూపు మొత్తం చదివింది. హుసేనప్ప ఆమె భుజం మీదుగా తొంగిచూశాడు.

జిన్నింగు మిల్లు ఫోటోల కింద వెక్కిరింపులే వెక్కిరింపులు. మహేశ్వర్ సోమవారం పెట్టిన ఆదోని కొండ ఫోటోలో, ఆకాశం ఎడమ మూలన వంకర వెంట్రుకలాంటి నల్లటి మరక ఉంది. 'మహేశన్నా, నీ ఆకాశానికి మీసం మొలిచింది' అని రాసింది కుమారస్వామే.

"ఏందప్పా ఈ మీసం?" అడిగింది గౌరమ్మ.

"దూది పోగమ్మా. మిల్లులో గాలి నిండా దూదే గదా. ఆడ లెన్సు ఊడదీయొద్దు మొర్రో అంటే మహేశన్న ఇనలేదు. గోవిందు లెన్సు పెట్టాలని తొందర. లోపల బొమ్మ పడే బిళ్ళ ఉంటాది, సెన్సారంటారు. పోగు దాని మీద కూసున్నాది. లెన్సు ఏది మార్చినా అదే మూల కనపడతాది."

"అన్ని ఫోటోల్లోనూనా?"

"లేదమ్మా. లెన్సులో రంధ్రం సన్నగా మూస్తేనే. ఎడల్పుగా తెరిస్తే కలిసిపోతాది."

గౌరమ్మ గురువారం నాటి సూర్యాస్తమయం తెరిచింది. నది మీద ఎర్రటి ఆకాశం, సూర్యుడి చుట్టూ నక్షత్రంలా కొసలు. పైన మహేశ్వర్ మాట: 'ఇప్పుడే తీసినా, సి.బెళగల్ నుంచి.' కింద కుమారస్వామి ప్రశ్న: 'కొసలు భలే వచ్చినాయన్నా, రంధ్రం ఎంత మూసినావు?' జవాబు: 'పదహారు.'

"పదహారంటే?"

"బాగా సన్నమమ్మా. అంత మూస్తేనే ఆ కొసలు."

గౌరమ్మ ఆ ఫోటోను పెద్దది చేసి చూసింది, చిన్నది చేసి చూసింది. తర్వాత శుక్రవారం మహేశ్వర్ 'గుండె పగిలింది' అంటూ పెట్టిన కాలిపోయిన గోడౌను ఫోటో చూసింది. ఫోను తిరిగిచ్చేసి, "హుసేనప్పా, ఎస్సై సార్ను పిల్చుకొని రా. సెక్రటరీ గారిని గూడా. జడ్జి దగ్గరికి పోయే జీపులో గోవిందూ ఎట్లాగూ వస్తాడు. కుమారస్వామీ, నాకు నీ కంప్యూటరు కావాల" అంది.

ఆమె గొంతు మారింది. హుసేనప్ప మోటారు సైకిలు తాళం అందుకుని బయటికి పరుగెత్తాడు.

*

స్టూడియోలో నిలబడడానికి చోటు లేదు. గోవిందు ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య తల వంచుకుని ఉన్నాడు. కృష్ణకుమారి గోడకు ఆనుకుంది. ఎస్సై గడియారం చూసుకుంటున్నాడు. మహేశ్వర్ మాత్రం ఇస్త్రీ చొక్కాలో, భుజాన కెమెరా సంచితో వచ్చి అందరికీ నమస్కారం పెట్టాడు.

"పాపం గోవిందు. ఆవేశంలో చేసినాడు. మా గ్రూపు మనిషే, నాకూ బాధే," అన్నాడు.

"మీ గ్రూపులో దిద్దిన ఫోటోలు పెట్టకూడదంట గదప్పా?" అడిగింది గౌరమ్మ.

"అది నేను పెట్టిన రూలేనమ్మా. ఎట్ల తీసింది అట్లనే పెట్టాల. దిద్ది పెట్టినాడని ఒకాయప్పను తీసేసినా గూడా."

"మంచి రూలు. కుమారస్వామీ, మూడు ఫోటోలూ పెట్టు."

తెర మీద సోమవారం, గురువారం, శుక్రవారం ఫోటోలు పక్కపక్కన వెలిగాయి.

"సోమవారం ఎడమ మూలన మీసం ఉంది. శుక్రవారం, గోడౌను మీది ఆకాశంలో, అదే మూల, అదే వంకర. నడుమ గురువారం సూర్యాస్తమయంలో లేదు. రంధ్రం పదహారుకు మూసి తీసినావని నువ్వే రాసినావు. మరి ఒక్క సాయంత్రం మీసం యాడికి పోయింది మహేశ్వరప్పా?"

మహేశ్వర్ నవ్వబోయాడు. "తుడిచినానమ్మా. కెమెరా కదా, తుడుచుకుంటాం."

"తుడిచిన పోగు మర్నాడు అదే మూలకు, అదే వంకరతో వచ్చి కూసుంటాదా?"

"అంటే... ఫోన్లో దిద్దినా. రూలు తప్పినా. ఒప్పుకుంటా."

"అయితే దిద్దకముందుది చూపించు. కార్డు నీ సంచిలోనే ఉంటాది."

"కార్డు చెరిపేసినా."

హుసేనప్ప గోవిందు వైపు చూశాడు. అతను మొదటిసారి తల ఎత్తాడు.

"నువ్వు చెరిపేసినావు. కుమారస్వామి చెరపలేదు," అంది గౌరమ్మ. "మీసం మొలిచింది ఆదివారం మిల్లులో. మీసం లేని ఫోటో అంతకు ముందుదై ఉండాల. అందుకే మిల్లుకు పోకముందు నువ్వు ప్రింట్లకిచ్చిన కార్డులోవి యాడ దాచినావని కుమారస్వామిని అడిగినా."

కుమారస్వామి మీట నొక్కాడు. తెర మీద అదే నది, అదే సూర్యుడు, అవే కొసలు. మిల్లుకు పోకముందే కంప్యూటర్లోకి ఎక్కి, ప్రింటు వేయకుండా మిగిలిన ఫోటో.

"గురువారం నువ్వు తుంగభద్ర ఒడ్డున లేవు. పాత ఫోటో పెట్టి, ఎమ్మిగనూర్లోనే ఉన్నావు. మరమగ్గం చీరలు సోమవారం అధికారుల కంట పడితే నీ కుర్చీ పోతాది. గోవిందు అరిచిన మాట నీకు కలిసొచ్చింది. ఆయన మూత నీ దగ్గరే ఉంది. మూత లేని లెన్సు కవర్లో చుట్టి గోవిందు వాళ్ళమ్మ చేతికిచ్చినావు, విప్పి చూడదని. మూత కిటికీ కింద పడేసినావు."

"రంగప్ప ఆ టయానికి చాయ తాగనీక పోతాడమ్మా!" మహేశ్వర్ గొంతు చీలిపోయింది. "రోజూ పోతాడు. లోపలున్నాడని నాకు తెల్దు. దేవుని మీద ఒట్టు, తెల్దు!"

అన్నాక గాని తాను ఏమన్నాడో అతనికి అర్థం కాలేదు. మద్దయ్య ముందుకొచ్చి అతని భుజాన ఉన్న సంచి తీసుకున్నాడు.

కృష్ణకుమారి గోడ వదిలి మహేశ్వర్ ఎదురుగా నిలబడింది. కొడుతుందేమోనని హుసేనప్ప భయపడ్డాడు. ఆమె చెయ్యి ఎత్తలేదు.

"అన్నా, లెన్సు నీకిస్తాండాడని తెలిసి, ఆ పొద్దు మూతను నా కొంగుతో తుడిచి పంపినా," అంది. "నువ్వు పెద్దమనిషివని."

కానిస్టేబుళ్ళు గోవిందును వదిలి మహేశ్వర్ను జీపెక్కించారు.

కాసేపటికి మద్దయ్యకు కర్నూలు నుంచి ఫోనొచ్చింది. రంగప్ప కళ్ళు తెరిచాడు, నీళ్ళడిగాడు. ఆ మాట విన్నాకే గోవిందు కూలబడి, చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. గౌరమ్మ కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. ఆమె కూడా కళ్ళు తుడుచుకుందని హుసేనప్ప ఎవరికీ చెప్పలేదు.

"మూత మాకిస్తారా సార్?" అడిగింది కృష్ణకుమారి.

"కోర్టుకు కావాలమ్మా. ఇప్పట్లో రాదు," అన్నాడు మద్దయ్య.

"కొత్తది కొంటాం లే," అంది ఆమె భర్తతో. "దానికీ నూలు పేని కడతా. మళ్ళా ఎవరన్నా లెన్సు అడిగితే ఇస్తావా?"

గోవిందు ముఖం తుడుచుకున్నాడు. ఇక గ్రూపును ఎవరు నడుపుతారో తెలియక నిలబడిపోయిన కుమారస్వామి వైపు చూశాడు.

"ఇస్తా," అన్నాడు. "మూత మాత్రం ఇంట్లో పెట్టి ఇస్తా."