ఎడమ తలుపు మీది సొట్ట

“సొట్ట ఏదండీ?”

షెడ్డులోకి వస్తూనే ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అది. భుజాన సంచి, చేతిలో పాత ఫొటో, జుట్టు నిండా వాన చినుకులు. పలకరింపు కూడా లేకుండా నేరుగా ఎర్ర కారు దగ్గరికి వెళ్ళి, ఎడమ తలుపు ముందు గొంతుక్కూర్చుని, రేకంతా అరచేత్తో తడమడం మొదలుపెట్టింది.

“ఏ సొట్ట?” అన్నాడు సుత్తి.

అతని అసలు పేరు అది కాదు. పాత కార్ల రేకులు సుత్తితో సాపు చేయడం అతని పని. పాత కార్ల కబుర్లు మొదలుపెడితే ఎదుటివాళ్ళు లేచి వెళ్ళిపోయేదాకా ఆపకపోవడం అతని అలవాటు. రెండింటికీ సరిపోతుందని స్నేహితులు ఆ పేరు ఖాయం చేశారు.

“ఇదిగో, ఇది!” ఆమె ఫొటో చూపించింది. కొండ మీద రేసు ముగిసేచోట ఇలాంటి కారే. ఎడమ తలుపు మీద అరచేతి వెడల్పున సొట్ట.

“ఓ, అదా! తీసేశాను.” సుత్తి ముఖం వెలిగిపోయింది. “చూశారా, మీకే దొరకలేదు! ప్రాణం పెట్టి చేశానండీ.”

“తీసేశారా!” ఆమె నేల మీదే చతికిలబడింది. “ఈ కారు ఫలానా అని చెప్పడానికి మిగిలిన ఒకే ఒక్క ఆనవాలండీ అది. దాన్ని మీ చేత్తో మీరే...”

అప్పటికిగానీ ఆమె ఎవరో అతనికి తెలియలేదు. కొండ దారిలో ఒక్కో కారూ గడియారంతో పోటీపడి పైకెక్కే పాత రేసుని పాత కార్లతోనే మళ్ళీ జరపాలని ఒక క్లబ్బు తలపెట్టింది. పేరిచ్చిన ప్రతి కారు పుట్టుపూర్వోత్తరాలు తవ్వితీయడం ఈమె ఉద్యోగం. ఎవరు తయారుచేశారు, ఎవరు నడిపారు, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్ళింది, ఎక్కడ దెబ్బతింది, అన్నీ కావాలి ఆమెకి.

చిక్కంతా ఎక్కడంటే, ఆ రోజుల్లో ఒకే వర్క్‌షాపులో ఇలాంటి ఎర్ర కార్లు రెండు తయారయ్యాయి. ఒకదానితో సుత్తి తాతయ్య రేసు గెలిచాడు. రెండోది లోయలో పడింది. తర్వాత తాతయ్య తన కారు అమ్మేశాడు. రేకు బాడీ తప్ప మిగతా భాగాలన్నీ దానివి దీనికీ, దీనివి దానికీ మారిపోయాయి. నంబరు పలక కూడా నమ్మడానికి లేదు, రివెట్లు ఊడదీస్తే ఎక్కడికైనా వెళ్తుంది. తాతయ్య పోయాక ఒక పాడుపడ్డ గోదాములో ముక్కలుగా దొరికిన కారుని మనవడు కొన్నాడు. ఇది తాతయ్యదా, లోయలో పడ్డదా? తేలకపోతే రేసులో దాని పక్కన ‘నకలు’ అని రాస్తారు.

“నా మాట మీద నమ్మకం లేదా? సొట్ట ఉందండీ, నేనే తీశాను!”

“నమ్మడం నా పని కాదండీ. తేల్చడం నా పని.”

“నకలు అని రాస్తే మా నానమ్మ కొండెక్కదు. ఆ కారు మళ్ళీ పైకి రావడం చూడాలని ఎన్నాళ్ళుగానో కాచుకుని ఉంది.”

ఆమె వెళ్ళేటప్పుడు తలుపుని ఇంకోసారి తడిమి వెళ్ళింది. ఆ తడమడంలో జాలి ఉందనిపించి సుత్తి మనసు కాస్త మెత్తబడింది.

మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత కూడా. ఒకసారి ఇంజను మీది అంకెలు కావాలంది, ఒకసారి అడుగున పాత రంగు చూడాలంది. సుత్తి ఆమెకి ‘చరిత్రగారు’ అని పేరు పెట్టేశాడు. ఆమె స్కూటీ చప్పుడు సందు మొదట్లో వినబడగానే చేతుల మసి కడుక్కునే కొత్త అలవాటు కూడా అతనికి వచ్చింది.

“చరిత్రగారూ, నిన్న అడిగిన అంకెలే మళ్ళీ అడుగుతున్నారు.”

“సరిగ్గా కనబడలేదు.”

“నిన్న ఎండ కాసిందిగా!”

“నేను వచ్చేది కారు కోసమే. మీరేం ఊహించుకోనక్కర్లేదు,” అంది ఆమె గట్టిగా. అంత గట్టిగా చెప్పవలసిన అవసరం ఏమొచ్చిందో ఇద్దరికీ అర్థం కాలేదు. ఆ సాయంత్రం సుత్తి కొట్టిన ప్రతి దెబ్బా వంకరగా పడింది.

పేర్లు ఖరారు చేసే ముందురోజు ఆమె భూతద్దం పట్టుకుని వచ్చింది. బయట కుండపోత. షెడ్డు రేకుల మీద వాన మోతకి ఒకరి మాట ఒకరికి వినబడాలంటే దగ్గరగా జరగక తప్పలేదు. ఇద్దరూ అందుకు పెద్దగా బాధపడలేదు.

“ఈ ఫొటో రేసు మొదలయ్యేముందు తీసింది. తలుపు నున్నగా ఉంది. ఇది పైకి చేరాక. సొట్ట ఉంది. దారిలో రాయి తగిలిందని అప్పటి పేపర్లో రాశారు. కానీ రాయి తగిలితే ఇలా పడుతుందా?”

సుత్తి భూతద్దంలోంచి చూశాడు. “పడదు. సొట్ట మధ్యలో కోసుకుపోయినట్టుంది చూడండి, నెలవంకలా. అక్కడ రేకు చీలింది కూడా. పల్చటి అల్యూమినియం కదా, వెనక నుంచి అతుకు వేశాను.”

“అతుకా?” ఆమె తల ఎత్తింది. “ఆ అతుకు ఇంకా ఉందా?”

“పైన అరగదీసి రంగు వేసేశాను. లోపల ఎవరు చూడొచ్చారని అలాగే...”

మాట పూర్తవలేదు. ఇద్దరూ ఒకేసారి తలుపు మీద పడ్డారు. లోపలి అట్ట ఊడదీసి, టార్చి వెలిగించి, ఇద్దరూ ఒకేసారి తల దూర్చారు. ఠంగుమని తలలు గుద్దుకున్నాయి.

“అబ్బా!”

“సారీ... అదిగో!”

రేకు వెనక, పాత రంగు మధ్యలో, మెరుస్తూ ఒక నెలవంక. ఆమె ఫొటో పక్కన పెట్టి చూసింది. అదే చోటు, అదే వంపు. ఆనందం పట్టలేక అతని చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఊపడం ఆగినా చెయ్యి వదలడం మాత్రం మరిచిపోయింది. సుత్తి గుర్తుచేయలేదు.

“ఫొటోలో ఈ మూలన ఉన్నావిడ ఎవరండీ?” అంది చివరికి, చెయ్యి వెనక్కి తీసుకుంటూ. “చేతిలో చెప్పు పట్టుకుని నిలబడింది. దానికి మడమ విరిగిపోయింది.”

సుత్తి చూశాడు. మళ్ళీ చూశాడు. “నానమ్మా!” అని ఒక్క కేక పెట్టాడు.

షెడ్డు వెనకే ఉన్న ఇంట్లోంచి నానమ్మ గొడుగేసుకుని వచ్చి ఫొటో చూసింది. కొడుకులకీ, మనవడికీ ఏనాడూ కనబడని సిగ్గు ఆమె ముఖం మీద కనబడింది.

“రాయీ లేదు, ఏమీ లేదు. నేనే తన్నాను.”

“ఎందుకు నానమ్మా?”

“ఆ రోజూ ఇలాగే వాన. అందరూ పైకి వచ్చేశారు, మీ తాతయ్య రాలేదు. లోయలో పడ్డాడనుకుని నా ప్రాణాలు పైకే పోయాయి. చివరికి తాపీగా దిగి ఏమన్నాడో తెలుసా? ‘గొడుగు తెచ్చావా?’ అన్నాడు. ఒళ్ళు మండి తన్నాను. అప్పటికి మాకు పెళ్ళి కూడా కాలేదు. పేపరువాళ్ళు అడిగితే రాయి తగిలిందని ఆయనే చెప్పాడు.”

“అయితే ఆయన గెలిచిందెలా?” అంది చరిత్ర.

“రేసు రెండు రోజులు కదా. గెలిచింది మర్నాడు. నాకు భయపడి నడిపాడు.”

“మరి నేను సొట్ట తీసినప్పుడు ఒక్క మాటైనా అనలేదేం? మురిసిపోయి మాట రాలేదనుకున్నాను!”

“ఏమంటాన్రా! నువ్వు అంత సంబరపడుతుంటే.” నానమ్మ తలుపు మీద చెయ్యి పెట్టింది. “ఆ రాత్రి మాత్రం ఏడుపొచ్చింది.”

సుత్తికి తన సుత్తిని ఎక్కడైనా పారేయాలనిపించింది.

కారు అసలుదేనని క్లబ్బు ఒప్పుకుంది. రేసు రోజున నానమ్మ అందరికంటే ముందు కొండెక్కి కూర్చుంది. పక్కనే చరిత్ర. మధ్యాహ్నానికి మబ్బులు కమ్మి వాన మొదలైంది. కింద ఎర్ర కారు బయలుదేరిందని మైకులో చెప్పారు. మలుపు మలుపుకీ దాని చప్పుడు దగ్గరవుతూ వచ్చింది. చివరి మలుపు దగ్గర ఉన్నట్టుండి ఆగిపోయింది.

వాన తప్ప ఇంకో చప్పుడు లేదు.

“చివరి మలుపు పక్కనే కదా లోయ?” అంది చరిత్ర, నానమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని.

“నా చెయ్యి నలిపేస్తున్నావు తల్లీ,” అంది నానమ్మ. “కారు కోసమేనా ఈ కంగారంతా?”

ఆమె అబద్ధం చెప్పలేకపోయింది. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

ఇంతలో ఇంజను దగ్గింది, తుమ్మింది, గర్జించింది. మలుపు తిరిగి ఎర్ర కారు పైకి వచ్చి ఆగింది. నెత్తి నుంచి పాదాల దాకా తడిసిన సుత్తి దిగాడు. దారి పొడవునా మనసులో వల్లె వేసుకున్న మాటలు ఆమె ముఖం చూడగానే ఎగిరిపోయాయి.

“ఇంజన్లోకి నీళ్ళొచ్చాయండీ. చొక్కా విప్పి తుడిచాను. ఇంతకీ... టైమెంత వచ్చింది?”

ధన్‌మని తన్నింది ఆమె. ఎడమ తలుపు మీద, సరిగ్గా పాత చోట, కొత్త సొట్ట.

“ఇక్కడ నా ప్రాణాలు పోతుంటే నీకు టైము కావాలా! నీకసలు బుద్ధుందా?”

చుట్టూ ఉన్నవాళ్ళంతా సొట్టని చూశారు. సుత్తి చూడలేదు. “నన్ను ‘నువ్వు’ అన్నారు,” అన్నాడు మెల్లగా.

ఆమె చెప్పు సరిచేసుకుంటూ తల దించుకుంది. “అంటే ఏమైందిట?”

“మా పుట్టుపూర్వోత్తరాలన్నీ నీకు తెలుసు. మా ఇంటి అబద్ధాలు కూడా తెలుసు. నాకు మాత్రం నువ్వంటే ప్రేమని తప్ప ఏమీ తెలియదు. పెళ్ళి చేసుకుందామా?”

“చేసుకుందాం,” అంది ఆమె ఏడుస్తూ, నవ్వుతూ. “వాన తగ్గాక మా వాళ్ళతో మాట్లాడు.”

నానమ్మ గొడుగు పక్కన పడేసి ఇద్దరినీ దగ్గరికి తీసుకుంది. తర్వాత మనవడి చెవి మెలిపెట్టింది. “ఈ సొట్ట జోలికి వెళ్ళావో, ఇంట్లోకి రానివ్వను.”

క్లబ్బు మనిషి ఒకాయన తలుపు చూసి గుండె బాదుకుంటూ వచ్చాడు. “అయ్యో, ఇదెలా జరిగింది? రికార్డులో రాయాలి కదమ్మా!”

చరిత్ర కళ్ళు తుడుచుకుని, ఎంతో బాధ్యతగా చెప్పింది.

“రాయి తగిలిందండీ.”