లూదియా బడికి పోవాల

బాలస్వామి మేకకు ఆకు వేసి వచ్చేసరికి చెల్లెలు దానమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుని ఉంది.

"కోయిలకుంట్ల బస్సుకు టైమాయె అన్నా. మాట వచ్చేదానికి వాత పెట్టేటాయప్పకు చెప్పి పంపినా. పాపను లేపు."

మనవరాలు లూదియాకు ఆరేళ్లు. మాట రాదు. పిలిస్తే చూడదు. ముట్టుకుంటే కేకలు పెడుతుంది. నంద్యాల డాక్టరమ్మ దాన్ని ఆటిజం అంది. బిడ్డకు అన్నీ వినబడతాయి, తాకితేనే ఓర్చుకోలేదు, మీరు చేసి చూపి ఓపిగ్గా ఆగండి అంది. బాలస్వామికి ఆ మాట ఎక్కలేదు. పోయిన ఏడు ఆళ్లగడ్డ బడిలో అయ్యవారు చెయ్యి పట్టుకోగానే పిల్ల గోల పెట్టింది. చేర్చుకోకుండా పంపేశారు. మళ్లీ చేర్చుకునేది ఈ రోజే.

"పాప యాడికీ రాదు. బడికి పోతాది," అంది పిల్ల తల్లి, బాలస్వామి కూతురు దెబోరా, వాకిట్లో అడ్డం నిలబడి.

"నోరు లేనిదాన్ని యా బడి చేర్చుకుంటాది? కన్న తండ్రే వదిలేసి పాయె," అంది దానమ్మ.

"మాట వచ్చినంక బడి. అడ్డం లే మే," అన్నాడు బాలస్వామి.

దెబోరా వాకిట్లోంచి కదల్లేదు.

"మాట్లాడకుంటే వాత పెడ్తారా నాయనా? అమ్మ పోయినప్పుడు నువ్వు ఏడ్చినావా? ఏడాది పొడుగునా నాతో ఒక్క మాటన్నా మాట్లాడితివా? చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంటివి. నీకెవురు పెట్టిరి వాత?"

"అన్న దుఃఖంలో ఉండె," అంది దానమ్మ.

"మాకేం తెల్సు అత్తా? బయటికి చెప్తే గదా. దీని లోపల ఏముందో నీకు తెల్సా?"

 బాలస్వామి కండువా భుజాన వేసుకున్నాడు.

"దానమ్మా, బస్సుకు నువ్వొక్కదానివే పో. తలనొప్పంటాండావు గదా, ఆ వాత నువ్వే పెట్టించుకో."

పుట్టిన తేదీ కాగితం ఎవరి ఇంట్లోనూ లేని రోజులవి. కుడిచెయ్యి తల మీదుగా ఎడమ చెవికి అందితే బడి ఈడు వచ్చినట్టు. బడిలో హెడ్మాస్టరు సుబ్బరాయుడు అది చూడడానికి లూదియా చెయ్యి పట్టుకోబోయాడు.

"ముట్టుకోవద్దు సార్. కొంచెం ఆగండి," అన్నాడు బాలస్వామి.

మనవరాలి పక్కన నేల మీద కూర్చున్నాడు. చెయ్యి తల మీదుగా తిప్పి తన చెవి పట్టుకున్నాడు.

"తాతను ఒకటో తరగతిలో వేసుకోండి సార్," అన్నారు వెనక ఎవరో. పిల్లలంతా నవ్వారు.

అతను చెయ్యి దించలేదు. భుజం గుంజింది. లూదియా గౌను అంచు నలుపుతూ గోడను చూసింది. తర్వాత తాత చెవిని చూసింది. నెమ్మదిగా చెయ్యి లేపింది. అందింది.

నవ్వులు ఆగిపోయాయి.

"రాసుకోండి సార్," అన్నాడు బాలస్వామి.

"మాట రాదు గదప్పా?"

"నోరుండీ నాకు ఏడాది పొడుగునా మాట రాల్యా. నన్ను మనిషి కాదంటిరా? రాసుకోండి."

సుబ్బరాయుడు పేరు రాసుకున్నాడు. దెబోరా వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. అతను విదిలించుకోలేదు.

"మీ అమ్మ ఉండింటే చూసేది మే," అన్నాడు.

భార్య పోయాక ఆమె మాట ఎత్తడం అదే మొదలు. అందరి ముందూ ఏడ్చాడు. పక్కనే లూదియా, దించమని ఎవరూ చెప్పలేదు కాబట్టి, చెవి పట్టుకునే నిలబడింది.