గొడ్లకొట్టం గడియ

పొద్దున ఏడు కాకముందే రాకేశ్ లారీ కిందికి దూరాడు. బెల్లంపల్లి శివారులోని ఆ ఇంటి వాకిట్లో నెల రోజులుగా ఇదే వరస. లింగవ్వ చాయ్ తెచ్చి ముందు చక్రం పక్కన పెట్టి, బయటికి కనిపిస్తున్న కొడుకు పాదాలతోనే మాట్లాడింది.

"చాయ్ సల్లారుతది. ఎల్లి తాగు."

"అస్తున్న అవ్వా. ఒక్క బోల్టు."

"నిన్న గూడ ఒక్క బోల్టే అన్నవు."

అది పాత మిలిటరీ శక్తిమాన్ లారీ. రాకేశ్ తండ్రి సదానందం పెళ్లయిన కొత్తలో సైన్యం వాళ్ల వేలంపాటలో కొన్నాడు. ఆసిఫాబాద్ అవతలి అడవుల నుంచి వెదురు మోసీ మోసీ, చివరికి ఇంటి వెనక మూలన పడింది. పాతికేళ్లుగా లింగవ్వ దాని మీద కాకర తీగ పాకిస్తూ వచ్చింది. రాకేశ్ దుబాయిలో తొమ్మిదేళ్లు పాత బండ్లు బాగుచేసే షెడ్డులో పనిచేసి, ఇక పోనని పోయిన ఏడాది వచ్చేశాడు. వచ్చాక ఆ కాకర తీగ కోసేసి, బండిని వాకిట్లోకి లాగించాడు. దసరాకు కరీంనగర్‌లో పాత బండ్ల ప్రదర్శన ఉందట. అందులో ఈ బండిని నిలబెడితే నలుగురికీ తన పని తెలుస్తుందని, ఇక్కడే షెడ్డు పెట్టుకోవచ్చని అతని ఆశ.

తండ్రికీ కొడుకుకూ పేచీ అక్కడే వచ్చింది. రాకేశ్‌కు బండి సైన్యంలో ఎట్లా ఉండేదో అట్లాగే కావాలి. సీటు కాన్వాసు నుంచి తలుపు పిడి దాకా అప్పటివే వెతుకుతున్నాడు. సదానందానికి అన్నీ కొత్తవి కావాలి.

"మంచి మెరిసే పచ్చ రంగు కొట్టు. మెత్తటి సీట్లు ఎయ్యి. మనిషి కూసుంటే సుఖముండాలె" అన్నాడు ఆయన, అరుగు మీద వేపపుల్ల నములుతూ.

"మెరిస్తే మిలిటరీ బండి ఎట్లయితది బాపూ? పెండ్లి బండి అయితది."

"ఎవ్వలు సూడొచ్చిండ్రు అప్పుడెట్లుండెనో?"

"సూసెటోల్లు సూస్తరు. గా క్యాబిన్ల, నీ సీటు పక్కన కింద రేకు ముక్క అతికించి ఉన్నది. ఎందుకది?"

సదానందం నమలడం ఆపాడు. "అది మిలిటరోల్లే ఏసిండ్రు. నేను కొన్ననాడే ఉండె. దాని జోలికి పోకు."

"దాని కింద నాలుగు బోల్టు రంధ్రాలున్నయ్. హ్యాండ్ బ్రేకు ఉండే జాగ అది."

"లేదన్న గదరా. గా బండికి హ్యాండ్ బ్రేకే లేదు" అని పుల్ల విసిరేసి లోపలికి పోయాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే అదే. కానీ పొద్దుటి పూట ఇంటి మగవాడు విసుక్కుంటే ఎవరు మాత్రం పట్టించుకుంటారు. రాకేశ్ నవ్వి మళ్లీ లారీ కిందికి దూరాడు.

అరుగు చివర నులక మంచం మీద శంకరవ్వ అంతా వింటూనే ఉంది. ఆమె లింగవ్వ తల్లి. ఎనభై ఆరేళ్లు. ఉన్న ఒక్క కొడుకు నాగరాజు ఈ లారీ మీదే క్లీనరుగా పనిచేస్తూ, ఈ లారీ కిందే పడి చచ్చిపోయాడు. అప్పటి నుంచీ కూతురింట్లోనే ఉంటోంది. అత్తను కన్నతల్లిలా సాకుతున్నాడని వాడకట్టంతా సదానందాన్ని మెచ్చుకునేది. అల్లుడంటే ఇతనే అనేవాళ్లు. ఆ మెప్పును ఆయన తలవంచుకుని విని ఊరుకునేవాడు. అది వినయమే అనుకున్నారు అందరూ.

నాగరాజు చావు గురించి ఆ ఇంట్లో ఒకటే కథ. కెరమెరి ఘాటు ఎక్కుతుంటే ఇంజను ఆగిపోయింది. వెనక వెదురు లోడు. నాగరాజు చెక్క మొద్దు పట్టుకుని దూకి వెనక చక్రం కింద పెట్టబోయాడు. తాగి ఉన్నాడు కాబట్టి తూలాడు. మొద్దు జారింది, బండి వెనక్కి దొర్లింది. చూసినవాడు సదానందం ఒక్కడే. ఆయన చెప్పిందే అందరూ నమ్మారు.

"నా కొడుకు ముట్టెటోడు గాదు" అని శంకరవ్వ మొదట్లో రెండు మూడు సార్లు అంది. లింగవ్వే ఆమెను కసిరింది. "ఊకో అవ్వా. తల్లికి తెలిసి తాగుతరా ఎవ్వలన్న?" ఆ తర్వాత ముసలామె ఆ మాట ఎత్తలేదు. ఏటా పెత్తరమాసకు పోయినవాళ్లకు ఇష్టమైనవి ఆకులో పెడతారు కదా, నాగరాజు ఆకు పక్కన సదానందం తన చేత్తో చిన్న సారా సీసా పెట్టేవాడు. తాగేవాడికి తాగేదే పెట్టాలి అన్నట్టు. ముప్పై ఏళ్లు పెట్టాడు.

ఈసారి పెత్తరమాసకు ఇంకా నాలుగు రోజులున్నాయి.

ఆ మధ్యాహ్నం రాకేశ్ గోనెసంచి కోసం గొడ్లకొట్టంలోకి పోబోయాడు. తలుపుకు రెండు ఇనుప కడియాలు, వాటిలో అడ్డంగా ఒక ఇనుప కడ్డీ. చిన్నప్పటి నుంచీ చూస్తున్న గడియే. లాగి చేతిలోకి తీసుకున్నాక మాత్రం అతని చేయి ఆగిపోయింది. తొమ్మిదేళ్లు అలాంటివే తోమిన చేయి అది. దాని కొసన మీట విరిగిన గుర్తు, అడుగున పళ్లు, బోల్టు రంధ్రాలు. గుడ్డతో తుడిస్తే మిలిటరీ సామాను మీద ఉండే బాణం గుర్తు తేలింది. లారీ దగ్గరికి పరుగెత్తి, రేకు ముక్క ఊడబీకి, నేల మీది రంధ్రాల్లో ఆనించి చూశాడు. అచ్చంగా కూర్చుంది.

"అవ్వా, జర ఇటు రా" అని సంబరంగా పిలిచాడు. "గిది మన బండి హ్యాండ్ బ్రేకే. కొట్టం తలుపుకు పెట్టుకున్నవు. నేను హైదరాబాద్ దాక ఎతుకుతున్న దీనికోసం."

లింగవ్వ పిండి చేతులతోనే వచ్చింది. "ఏంది గది?"

"బండి ఏటవాలుల ఆగితే కిందికి పోకుంట పట్టుకునేది. గిది గుంజితె సాలు, బండి ఉన్నకాడ్నే ఉంటది. మొద్దు గూడ అక్కర లేదు."

ఆమె కడ్డీని చూసింది, క్యాబిన్ నేలను చూసింది. కొట్టం కట్టిన ఏడాది ఇనుప తుక్కులో దొరికితే, గడియకు పనికొస్తుందని తనే ఏరి పెట్టుకుంది. ముప్పై ఏళ్లకు పైగా పొద్దునా సాయంత్రం దాన్ని తీసి పెట్టిన చేయి తనదే. తమ్ముడు చచ్చిపోయాక కూడా.

"మొద్దు అక్కర లేదా?" అని అడిగింది మెల్లగా.

"అక్కర లేదు. ఎందుకే?"

అప్పుడు అర్థమైంది రాకేశ్‌కు. సంబరం ముఖంలోనే చచ్చిపోయింది. కడ్డీ కింద పెట్టేద్దామనుకున్నాడు కానీ తల్లి దాన్ని అప్పటికే తీసుకుంది.

సదానందం అన్నం తిని మంచం మీద నడుం వాల్చి ఉన్నాడు. లింగవ్వ ఆ కడ్డీని ఆయన కాళ్ల దగ్గర పెట్టింది. అరవలేదు.

"గా బండికి బ్రేకు లేదన్నవు గద."

ఆయన లేచి కూర్చున్నాడు. కడ్డీ వంక చూసి తల తిప్పుకున్నాడు.

"నేను కొన్ననాటికి..."

"అబద్ధం సెప్పకు. నీ కొడుకు కొలిచి సూపెట్టిండు."

ఆయన కడ్డీకి తగలకుండా కాళ్లు ముడుచుకున్నాడు.

"నేనే పీకేసిన" అన్నాడు. "సంత రోజుల్ల క్యాబిన్ల కిరాయికి మనుషులు ఎక్కుతుండిరి. గది అడ్డముంటే నలుగురే పడుతరు. తీసేస్తే ఇంకొక్కడు పడుతడు. అందరు గట్లనే తీస్తుండిరి లింగవ్వ. క్లీనరు ఉంటడు, మొద్దు ఉంటది, ఇంకేం ఫికర్ అనుకున్న."

"ఇంకొక్కని కోసం."

"ఘాటు మీద ఇంజను బందైంది. కాలిబ్రేకుకు గాలి లేదు. చెయ్యి బ్రేకు మీదికే పోయింది. ఆడ ఏం లేదు." ఆయన కుడి చేయి గాల్లో దేన్నో వెతికి ఒడిలో పడింది. "ఆడు 'బావా, నేను పెడుత ఆగు' అనుకుంట దూకిండు. అదే సెవులల్ల ఇంకా."

"తాగిండా నా తమ్ముడు?"

"లేదు."

"మరెందుకన్నవు?"

"భయమైంది. జైలు కాదు. నిజం సెప్తే నువ్వు రాకేశ్‌ను సంకనేసుకొని పోతవని. రెండేండ్ల పోరడు అప్పుడు. ఒక్కసారి అన్న. మల్ల ఎన్కకు తీసుకొనుడు అస్తలేదు."

లింగవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. కోపం ఆయన మీద ఎంతుందో, తన మీద అంతకంటే ఎక్కువ ముంచుకొచ్చింది. తల్లి నోరు నొక్కింది తనే కదా. కన్నతల్లి, నా కొడుకు అట్లాంటివాడు కాడంటే, మొగుడి మాట పట్టుకుని ఊకో అన్నది తనే కదా. ముప్పై పెత్తరమాసలు తమ్ముడి ఆకు పక్కన సీసా చూసి కూడా నమస్కారం పెట్టింది.

"అవ్వకు నువ్వే సెప్పాలె" అంది చివరికి. "పెత్తరమాస నాడు, ఆకు ఎయ్యకముందు. సీసా పెట్టినవంటే నా అవ్వను తీసుకొని ఈ గడప దాటుత. అప్పుడు పోకపోతిని, ఇప్పుడు పోత."

ఆ మూడు రోజులు ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది, గిన్నెలు కడిగారు, పాలు పిండారు. మాటలు మాత్రం లేవు. సదానందం తుమ్మ కర్ర ఒకటి చెక్కి కొట్టం తలుపుకు పెట్టాడు. రాకేశ్ సుత్తె ముట్టుకోలేదు. మూడో రోజు తల్లి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"కరీంనగర్ పోను అవ్వా. బండిని తుక్కుకు ఇచ్చేస్త."

"తుక్కుకిస్తె ఎవనికి తెలుస్తది? ఆ బ్రేకు పెట్టు. మల్ల ఆ బండి ఎక్కడ ఆగినా ఎవ్వలు మొద్దు పట్టుకొని దిగద్దు."

"రేకు అతికించిన మచ్చలున్నయ్ నేల మీద. అసలు తీరుగ కావాలంటె అవి గీకెయ్యాలె."

"ఉండనియ్యి" అంది లింగవ్వ. "గవి గూడ అసలువే."

పెత్తరమాస పొద్దున లింగవ్వ గారెలు చేసింది, నాగరాజుకు ఇష్టమైన మక్క గారెలు. అరుగు మీద పేడనీళ్ల చాణపి చల్లి, ముగ్గేసి, మోదుగు విస్తరి సిద్ధం చేసింది. సదానందం స్నానం చేసి వచ్చాడు. చేతుల్లో ఏమీ లేదు. శంకరవ్వ మంచం దగ్గర నేల మీద కూర్చున్నాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి.

"అత్తా, నీకొక మాట సెప్పాలె. నాగరాజు ఆ పొద్దు..."

"తాగలేదు" అంది శంకరవ్వ.

సదానందం తలెత్తాడు. వంటింటి గుమ్మంలో లింగవ్వ చేతిలో పళ్లెం అట్లాగే ఉండిపోయింది.

"శవానికి తానం పోసింది నేను గాదా సదానందం. నోరు కడిగింది నేనే. పొద్దుగాల నేను మూటగట్టిచ్చిన మక్క గారె ముక్క ఇంక బుగ్గల్నే ఉన్నది. సారా వాసన ఏడుంది? ఏం జరిగిందో నాకు తెల్వది. కాని నువ్వు అబద్ధమాడినవని ఆ రోజే ఎరుక."

"ఎరుకై ఎందుకు సెప్పలే అవ్వా?" లింగవ్వ పళ్లెం దించి మంచం దగ్గరికి వచ్చింది.

"సెప్తే నీ సంసారం ఏంగావాలె బిడ్డా? కొడుకు పాయె. ఉన్నది నువ్వొక్కదానివి. సంకల పిలగాడు. ఆని బద్‌నాం నా కడుపుల దాసుకున్న. సచ్చినోనికి పేరెందుకు, బతికినోల్లకు ఇల్లు గావాలె అనుకున్న." ముసలామె కళ్లు తుడుచుకోలేదు. "కాని ఏటా ఆ సీసా సూసినప్పుడు, ఈ ఏడన్న సెప్తడా, నేను పోయినంకన్న సెప్తడా అనుకుంటుండె."

సదానందం ఆమె పాదాల మీద తల పెట్టాడు. బ్రేకు సంగతి, క్యాబిన్‌లో ఐదో మనిషి సంగతి అట్లాగే ఏడుస్తూ చెప్పాడు. ఆమె కాళ్లు లాక్కోలేదు. తల మీద చేయి కూడా వేయలేదు. అంతా విన్నాక, "నన్ను ఆ బండి కాడికి తీస్కపోండ్రి" అంది.

రాకేశ్ అమ్మమ్మను రెండు చేతుల మీద ఎత్తి క్యాబిన్‌లో కూర్చోబెట్టాడు. సదానందం ఒకప్పుడు కూర్చునే సీట్లోనే. పక్కన నల్లగా, గ్రీజు పూసి, తిరిగి తన జాగాలో నిలబడి ఉంది కడ్డీ.

"గిదేనా?"

"గిదే అమ్మమ్మా."

ఆమె ముడతలు పడ్డ చేత్తో పట్టుకుని లాగింది. పళ్లు టకటకా పడి కడ్డీ నిలిచిపోయింది. ఇంకోసారి కదిపి చూసింది. కదల్లేదు.

"గింతేనా బిడ్డా?" అంది. "ఇంత సులువా?"

సదానందం బండి తలుపు వదిలి, వెనక చక్రం పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. నాగరాజు మొద్దు పెట్టబోయిన చక్రం అది. చాలాసేపటికి లింగవ్వ వచ్చి ఆయన ముందు నిలబడింది. ముఖం ఏడ్చి ఏడ్చి ఉబ్బింది.

"లే" అంది. "వచ్చి ఆకు ఎయ్యి. ఆనికి ఆకలైతది."