నలభై ఒక్క అరుగులు

సముద్రం గోదావరి లంకల్ని మింగి ముప్పై ఏళ్ళయింది. ఇప్పుడు జనం నీటిమీద తేలే లంకలు కట్టుకుని ఉంటున్నారు. పీతల్లంకలో పొద్దున్నే ఆడవాళ్ళు అరుగుపెట్టె చుట్టూ చేరి, రొయ్యలు ఒలుస్తూ దానితో కబుర్లు చెబుతారు. ఇక్కడి కబురు కొంగల్లంకలో వినిపిస్తుంది. అక్కడి ఎకసెక్కం ఇక్కడికి వచ్చి తగులుతుంది.

అరుగుపెట్టె అంటే ఒక చిన్న సర్వర్. అలల ఊపే దానికి కరెంటు. లంకకొకటి చొప్పున మొత్తం నలభై ఒకటి ఉన్నాయి. ఏ లంక మాటలు ఆ లంక పెట్టెలోనే ఉంటాయి. పొరుగు పెట్టె అడిగితే అందిస్తుంది. నడుమ యజమాని అంటూ ఎవడూ లేడు. ఈ అల్లికకు మాటవంతెన అని పేరు. పాడైన పడవ రేడియోలు విప్పి మొదటి రెండు పెట్టెలూ తయారుచేసింది పీతల్లంకలో ఉండే నూకరత్నం, కొంగల్లంకలో ఉండే ఆమె అక్క మరిడమ్మ. పెట్టె పలికే గొంతు కూడా మరిడమ్మదే. పెట్టె మీద పొరుగు లంకకొకటిగా నలభై దీపాలుంటాయి.

ఆ రోజు పీతల్లంక పెట్టె మీద మూడే వెలుగుతున్నాయి.

మహాలోకం వచ్చాకే ఇదంతా మొదలైంది. నలభై కోట్లమంది మాట్లాడుకునే కంపెనీ అది. "మేమూ మీ ప్రోటోకాల్‌లోనే మాట్లాడతాం, మాకొక తలుపు తియ్యండి చాలు" అని కబురుపెట్టింది.

"ఏనుగు చుట్టపుచూపుగా వస్తే చాపేసి కూకోబెడతామా? అది కూకున్నాక చాపా ఉండదు, ఇల్లూ ఉండదు" అంది నూకరత్నం సభలో లేచి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఊపులోనే ఆమె పెట్టెలకు ఒక నియమం రాసింది. పాతకాలపు కులపెద్దలు వేసే వెలి సంగతి ఆమెకు తెలుసు. తప్పు చేసినవాడితో మాట్లాడకూడదు, వాడితో మాట్లాడినవాడితోనూ మాట్లాడకూడదు. మహాలోకంతో మాట్లాడటమే తప్పని చెప్పి, పెట్టెలకూ అదే నేర్పింది. నలభై ఒక్క లంకలూ ఒప్పుకున్నాయి.

మొదట ఆరింది కొంగల్లంక దీపం. అక్కడివాళ్ళ పిల్లలు చాలామంది మెట్ట నగరాల్లో పనికి వెళ్ళారు, వాళ్ళంతా మహాలోకంలోనే ఉన్నారు. మరిడమ్మ తలుపు తీసింది. అక్కచెల్లెళ్ళకు మాటల్లేక రెండు నెలలైంది. తర్వాత కొంగల్లంకతో మాట్లాడిన లంకలు ఆరాయి, ఆ తర్వాత వాటితో మాట్లాడినవి.

మధ్యాహ్నం మహాలోకం పడవ వచ్చింది. కంపెనీ సైంటిస్టు ఇందుమతి దిగి, చెప్పులు విడిచి అరుగు మీదికి వచ్చింది.

"మీ వంతెనలో మేం ఒక్క తాడు కూడా తెంచలేదమ్మా. మా వల్ల ఆరింది ఒక్క దీపం. మిగతా ముప్పైఆరూ మీరే ఆర్పుకున్నారు."

అది నిజం కాబట్టే నూకరత్నానికి ఒళ్ళు మండింది. "పరామర్శకొచ్చారేటండి? ఇంకా పేణం పోలేదు. మూడు దీపాలున్నాయి."

ఆడవాళ్ళు గొల్లున నవ్వారు.

"అవీ ఆరాక? మా తలుపు తీస్తే అందరూ ఉంటారు. మీ అక్కగారు కూడా."

"మా అక్కని పలకరించాలంటే మీ వాకిట్లోంచి ఎళ్ళాలేటండి?"

పెట్టె టక్కుమంది. మూడు దీపాలూ ఒక్కసారే ఆరిపోయాయి.

"ఏటే, ఏమైంది?" అని పెట్టెను అడిగింది నూకరత్నం.

"మీ నియమం ప్రకారమే చేశాను" అంది పెట్టె, మరిడమ్మ గొంతుతో. "ఈ అరుగు మీద మహాలోకంతో మాట జరిగింది. మాట్లాడింది నూకరత్నం. మిగిలిన మూడు లంకలకూ తెలియజేశాను. వాళ్ళు పీతల్లంకను వెలివేశారు."

నవ్విన ఆడవాళ్ళలో ఒకామె రొయ్యల బుట్ట తీసుకుని నూకరత్నానికి కాస్త ఎడంగా జరిగింది. ఆమెను చూసి ఇంకొకామె జరిగింది.

"ఇక మా తలుపొక్కటే మిగిలింది" అంది ఇందుమతి మెల్లగా.

"అదొక్కటే మిగిలినా తియ్యను" అంది నూకరత్నం. పెట్టె మూత తెరిచి వెలి నియమం మొత్తం చెరిపేసింది. మహాలోకానికి తలుపు తియ్యొద్దన్న ఒక్కమాట మాత్రం ఉంచింది. కానీ వంతెనకు రెండు కొసలు. అవతలి పెట్టెల్లో ఆమె రాసిన వెలి అలాగే ఉంది. చెరపమని చెబుదామంటే ఆమె మాట వినే పెట్టె ఒక్కటీ లేదు. ఇందుమతి చూస్తుండగానే నూకరత్నం వెళ్ళి తన పడవ విప్పింది.

కొంగల్లంక అంచున మరిడమ్మ చేపకు పొలుసు తీస్తోంది. తల ఎత్తకుండానే అంది: "ఎలేసినోళ్ళ గడపెక్కుతున్నావేటే? నీకూ పడుద్ది."

"పడిందక్కా. మద్దేన్నమే పడింది. జరుగు, కూకోనీ."

"ఎవరేశారు?"

"నేనే."

మరిడమ్మ కత్తి కిందపెట్టి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. అంతలోనే మొహం ముడిచింది. "ఇప్పుడు నన్ను తలుపు ముయ్యమంటావా?"

"నీ తలుపు నీ ఇష్టం. నేను మాత్రం ఆ ఏనుక్కి చచ్చినా తియ్యను. నీ మొహం చూడ్డానికి దాని కడుపులో దూరక్కర్లేదని చెప్దారని వచ్చాను."

మరిడమ్మ చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి, ఇంకో తెడ్డు పట్టుకొచ్చింది.

"ఎలి చెరపమని చెప్పడానికి ముందు ఏ లంకకి?" అంది.

"మనతో మాట్లాడనని ఒట్టేసుకున్న లంకకి."

"అన్నీ అయ్యేగదే!"

"మరింకేం, దగ్గర్లోదానికి పద."