పోయిన నంబరు

"ఆ అమ్మాయిని అరెస్ట్ చెయ్!"

సైనిక్‌పురి బంగళాలో గూఢచారి శాఖ చీఫ్ రామచంద్రరావు బల్ల గుద్దాడు. నాచారం మిస్సైల్ విడిభాగాల ఫ్యాక్టరీ నుంచి మిస్సైల్‌కు దారి చూపే గైడెన్స్ బోర్డులు దాటించడానికి విదేశీ ముఠా దిగిందని కబురు. సరిగ్గా అప్పుడే కంప్యూటర్‌లో 4117 నంబరు గేట్‌పాస్ కనబడలేదు. అంతే, గేట్ ఆపరేటర్ దీవెన దాన్ని అమ్మేసిందని చీఫ్ తేల్చేశాడు. లారీలన్నీ ఆపించాడు. కుర్చీ ఇచ్చిన సర్కారు బుర్ర కూడా ఇస్తుందా?

అరెస్టుకు ముందు నిజం తేల్చుకుందామని ఏజెంట్ జ్ఞానయ్య ఏసీ మెకానిక్ వేషంలో గేటు క్యాబిన్‌లో దిగాడు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్ కెమెరా ఫొటో తీయదు సరికదా, కనీసం రాయనైనా రాయదు.

"ఏమైందమ్మా?"

దీవెన కళ్ళు తుడుచుకుంది. "పొద్దుగాల కరెంటు పోయిందన్నా. 4117 ఎంట్రీ సగంల కొట్టుకపోయింది. గంతల అవతలి గేటోళ్ళకు 4118 వచ్చింది. మల్లా కొడితే నాకు 4119 ఇచ్చింది. నన్ను జైల్ల ఏస్తరా?"

"ఫికర్ జెయ్యకు."

జ్ఞానయ్యకు సంగతి అర్థమైపోయింది. రెండు గేట్లు ఒకేసారి అడుగుతాయి గనుక, ఎంట్రీ పూర్తి కాకముందే కంప్యూటర్ ఎవరి నంబరు వాళ్ళకు ఇచ్చేస్తుంది. మధ్యలో రద్దయితే ఆ నంబరు గంగలో కలిసినట్టే. వెనక్కి తీసుకోదు, ఇంకొకరికి ఇవ్వదు. ఖాళీ ఉండడం తప్పే కాదు.

బయట హైహీల్స్ టకటకలాడాయి. నల్లకళ్ళద్దాలు, గుప్పుమనే సెంటు: చీఫ్ నెత్తిన పెట్టుకున్న ఆడిటర్ అనంతలక్ష్మి. వెనకాలే పళ్ళికిలిస్తూ చీఫ్.

"మేడమ్ 4117 కనిపెట్టేశారయ్యా! ఈ లారీదేనట. కేసు క్లోజ్. గేటెత్తండి!"

లారీ కదిలింది. జ్ఞానయ్య ఒక్క గెంతులో లేస్తున్న గేటు కమ్మీని కిందికి తొక్కాడు. అతని మోకాళ్ళకు జానెడు దూరంలో లారీ కీచుమని ఆగింది.

"దొంగ పాస్ సార్ ఇది! పోయిన నంబరు మల్లెట్లొస్తది? ఖాళీ సూసి గీమె ఇరికిచ్చింది!"

అనంతలక్ష్మి లిప్‌స్టిక్ తీసింది. అది పిస్టల్. ఆమె గురి చూసేలోపే జ్ఞానయ్య విసిరిన స్పానర్ దాన్ని ఎగరగొట్టింది. లారీలో ఫినాయిల్ డబ్బాల కింద గైడెన్స్ బోర్డులు దొరికాయి.

"దేశాన్ని అమ్మనీకి వచ్చిన్రు. కంప్యూటర్ నంబరెట్ల ఇస్తదో గూడ తెల్సుకోలే. థూ!" అన్నాడు జ్ఞానయ్య.

దీవెన ఉద్యోగం నిలిచింది. చీఫ్ మాత్రం ఊరుకోలేదు. ఇకపై ఒక్క నంబరూ పోకూడదు, ఒక గేటులో ఎంట్రీ పూర్తయ్యేదాకా రెండో గేటు ఆగాల్సిందే అని ఆర్డర్ వేశాడు. మర్నాటికల్లా లారీల వరుస నాచారం నుంచి ఉప్పల్ రింగురోడ్డు దాకా పాకింది. శత్రుదేశం కోట్లు కుమ్మరించినా ఆగని ఫ్యాక్టరీ, మనవాడి ఒక్క సంతకంతో ఆగిపోయింది.