మోగని దెబ్బ

మేనేజర్ తల సగం లేదు. మిగిలిన సగం టేబుల్ మీద వాలిపోయి ఉంది. వెనక గోడకి అంటించిన సింఫనీ కచేరీ పోస్టర్ నిండా రక్తం.

అది కచేరీ హాల్లో వేదిక వెనక ఆఫీసు గది. నేల మీద పిస్టల్. పక్కనే మేనేజర్ భార్య, మోచేతుల దాకా నెత్తురు.

"ఈవిడే సార్," అన్నాడు ఎస్సై. "పొద్దున మొగుడితో పెద్ద గొడవట. పిస్టల్ మీద వేలిముద్రలు కూడా ఈవిడవే ఉంటాయి. బేడీలు వేసేయనా?"

"పిస్టల్ తీసి పక్కన పెట్టాను సార్, ఆయన్ని పట్టుకోవడానికి," అందామె. "నన్ను తీసుకుపోతే నా బిడ్డకి ఎవరూ లేరు."

ఇన్‌స్పెక్టర్ ఎస్సైని ఆగమన్నాడు. అలాగని జాలిపడి వదిలేయలేడు.

గుమ్మంలో నిలబడ్డ కండక్టర్ వైపు తిరిగాడు. కండక్టర్ అంటే టికెట్లు కొట్టేవాడు కాదు, చేతిలో పుల్ల ఊపి డెబ్బై మంది వాద్యకారులని ఆడించే పెద్దాయన.

"కాల్పు ఎప్పుడు వినిపించింది?"

"చివరి భాగంలో. అందరం ఒక్క క్షణం ఆగుతాం. ఆ నిశ్శబ్దంలో ఢామ్మంది. హాలంతా ఉలిక్కిపడి లేచింది."

"అక్కడ ఏమీ వాయించరా?"

"పెద్ద డ్రమ్ మీద ఒకే ఒక్క దెబ్బ. పొద్దున రిహార్సల్లో తీసేయించాను."

అంతలో కానిస్టేబుళ్లు పాత డ్రమ్మర్‌ని పట్టుకొచ్చారు. ముప్పై ఏళ్లు ఇక్కడే వాయించాడు. పోయిన నెలే మేనేజర్ ఉద్యోగం పీకేశాడు. రెండు వీధుల అవతల దొరికాడు.

"కచేరీ టైములో ఎక్కడున్నావు?"

"హాల్లోనే సార్. చివరి వరసలో."

"ఎప్పుడు బయటికొచ్చావు?"

"నా డ్రమ్ దెబ్బ పడగానే. ఇంకొకడు కొడుతుంటే తట్టుకోలేక లేచొచ్చేశాను."

"బాగా కొట్టాడా?"

"పిడుగు పడ్డట్టు మోగింది."

ఎస్సై నోరు తెరిచాడు. ఇన్‌స్పెక్టర్ చేత్తోనే ఆపాడు.

"ఈ రాత్రి ఆ డ్రమ్ మోగనేలేదు. మోగింది నీ చేతిలో పిస్టల్. డ్రమ్ మోతలో కలిసిపోతుందని సరిగ్గా ఆ దెబ్బ పడే వేళకి ట్రిగ్గర్ నొక్కావు. మూసిన గదిలో నీ చెవులు దిమ్మెక్కి, రెండూ మోగాయనుకున్నావు. హాల్లో కూర్చున్నవాడైతే డ్రమ్ ఎవరూ కొట్టలేదని కళ్లారా చూసేవాడు, ఆ మాట అనడు."

డ్రమ్మర్ మూలనున్న ఇనప నోట్స్ స్టాండ్ ఎత్తి ఇన్‌స్పెక్టర్ తల మీదికి విసిరికొట్టాడు. ఆయన పక్కకి తప్పుకుని లాఠీతో మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. ఎముక పటుక్కుమంది. కుడిచెయ్యి వేలాడిపోయింది.

"నువ్వు ఇంటికెళ్లమ్మా, బిడ్డ దగ్గరికి," అన్నాడు మేనేజర్ భార్యతో.

డ్రమ్మర్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. "ఆ దెబ్బ ఎందుకు తీసేశారు?" పళ్ల బిగువున కండక్టర్‌ని అడిగాడు.

"కొత్తవాడి చేత ఎన్నిసార్లు కొట్టించినా నీలా పడలేదయ్యా. నువ్వు తిరిగొచ్చేదాకా వద్దన్నాను," అన్నాడు కండక్టర్. "నిన్ను పిలిపించడానికి మేనేజర్ కూడా ఒప్పుకున్నాడు."